ఆఖరి మూడు దెబ్బలు

మా కాలనీ కుర్రాళ్లు కొందరు ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. పోయిన వారం మా ఇంటికొచ్చి, "తాతా, పాత రోజులల్ల గిక్కడి పాటగాళ్లకు మీరే దిక్కుండె అని అందరంటరు. మా మొదటి ప్రోగ్రాముకు ఏస్తున్న పుస్తకానికి జర నాలుగు మంచి ముక్కలు రాసియ్యుండ్రి" అని అడిగి, చాయ్ తాగి వెళ్లిపోయారు.

మంచి ముక్కలు అన్న దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. ఉద్యోగమంతా తిరగేసి చూసుకున్నా పాటల విషయంలో నా దగ్గర ఉన్నది ఒకటే ముక్క. అది మంచిది కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల పుస్తకంలో వేసుకోదగ్గది అంతకన్నా కాదు. మీరు అడిగారు కనక రాస్తున్నాను. చదివాక పక్కన పడేసినా నేనేమీ అనుకోను.

నేను బొగ్గుబావుల కంపెనీలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేశాను. ఆ మాటకు అర్థం ఏమిటో నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. క్లబ్బులో క్యారంబోర్డుకు పౌడరు తెప్పించేది నేనే. నల్లా రాని క్వార్టర్ల లైన్లలో ఆడవాళ్ల చేత తిట్లు తినేది నేనే. బావిలో ఎవరైనా పోతే దహనానికి కట్టెలు చూసేదీ, ఇంటివాళ్ల పక్కన నిలబడేదీ నేనే. ఇందులో సంగీతం ఎక్కడా లేదు. అది నేను కొని తెచ్చుకున్న తద్దినం.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో మాట ఇది. ఆదిలాబాదు జిల్లాలో, గోదావరికి ఇవతలి ఒడ్డున మా కాలనీ. నది దాటి కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన వాళ్లు, చాందా వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లు, వరంగల్ నుంచి వచ్చిన ఉర్దూ ఫిట్టర్లు, అందరూ ఒకే రకం రేకుల ఇళ్లలో, ఒకే బొగ్గు పొగలో బతికేవాళ్లు. సాయంత్రమైతే ఒక లైనులో భజన, పక్క లైనులో ఖవ్వాలీ, ఆ చివరి లైనులో డప్పు. ఎవరి లైను వాళ్లదే. పక్కవాళ్లది పాట అని ఒప్పుకునే వాళ్లు లేరు, గోల అనేవాళ్లు. నాకు పాడటం రాదు, వాయించటం రాదు. వినడం మాత్రం కొంచెం వచ్చు. అందుకని ఆదివారాలు క్లబ్బు వరండా తెరిపించి, ఒక లైను వాళ్ల పాట ఇంకో లైను వాళ్లు వినేలా కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. మా ఆఫీసరు రెండు మూడు సార్లు ముక్కు విరిచి ఊరుకున్నాడు. ఆదివారం తాగి కొట్టుకోవడం తగ్గిందని ఎవరో చెప్పాక అదీ మానేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మంచి పాట విన్నవాడికి అది ఇంకొకరికి వినిపించాలని దురద పుడుతుంది. వీళ్ల పాట బయటి ప్రపంచానికి వినిపించాలని నేను ఎక్కని గడప లేదు. హైదరాబాదులో గ్రామఫోను కంపెనీ ఏజెంటు ఒకాయనను పట్టుకుంటే, "వీళ్ల పేర్లు ఎవరికి తెలుసండీ?" అన్నాడు. పేర్లు తెలియాలంటే రికార్డు రావాలి, రికార్డు రావాలంటే పేర్లు తెలిసి ఉండాలి. ఆ చిక్కుముడి దగ్గరే నా తిరుగుడంతా అయిపోయింది. మంచిర్యాలలో సినిమా హాలు యజమానిని బతిమాలితే ఇంటర్వెల్లులో ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. మా వాళ్లు పాడుతుంటే జనం మొత్తం బయటికి పోయి మిర్చీలు తిని, పాట అయ్యాక లోపలికొచ్చారు.

ఆ వరండా మీద నలుగురు వాళ్లంతట వాళ్లే ఒక జట్టయ్యారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు ఇద్దరు. అన్న బావిలో బొగ్గు ఎత్తేవాడు, డప్పు వాయించేవాడు. తమ్ముడు బొగ్గు నింపిన టబ్బులు పట్టాల మీద తోసేవాడు. పెళ్లి మేళాల వెంట కొన్నాళ్లు కరీంనగర్‌లో తిరిగి క్లారినెట్ నేర్చుకున్నాడు. చాందా మనిషి ఒకాయన దోలక్. పంపులు చూసే ఫిట్టరు, ఊరంతా భాయి అని పిలిచే ఆయన, హార్మోనియం. ఈ నలుగురికీ కలిపి ఒక పేరు కూడా లేదు. పేరు పెట్టుకోమంటే పోట్లాడుకునేవాళ్లు.

వాళ్లకొక పాట ఉండేది. అన్నదమ్ముల అవ్వ, అంటే వాళ్ల కన్నతల్లి, ఊళ్లో నాట్లేసేటప్పుడు పాడిన పాట వరుస అది. తమ్ముడు దాన్ని క్లారినెట్ మీద ఎత్తుకునేవాడు. కింద నుంచి భాయి హార్మోనియంతో పట్టుకునేవాడు. దోలక్ నడక అందుకున్నాక, అప్పటిదాకా కుంపటి మీద డప్పు కాపుకుంటూ కూర్చున్న అన్న లేచి మెల్లగా కలిసేవాడు. నాట్లేసే మనుషుల నడుములు వంగి లేస్తున్నట్టే ఉండేది ఆ డప్పు. నేను అందరి పాటలూ ఇష్టపడ్డాను గానీ ఈ ఒక్క పాటకు మాత్రం లొంగిపోయాను.

అన్నకు ఒక అలవాటు ఉండేది. పాట అయిపోయి, క్లారినెట్ ఆగి, హార్మోనియం మూత పడ్డాక, అతను ఒక్క క్షణం ఆగి డప్పు మీద మూడు దెబ్బలు వేసేవాడు. నిదానంగా, దూరం దూరంగా. మొదటిసారి విన్నప్పుడు అడిగాను.

"గదేంది, పాట అయినంక గా కొట్టుడు?"

"మా తాతల కాడికెల్లి ఉన్నది సారూ. ఆట మొదలైందంటె మనుషులొస్తరు, దేవుండ్లొస్తరు, పోయినోళ్లు సుత వస్తరు. అయిపోయింది, ఇగ మీ ఇండ్లకు పోన్రి అని చెప్పాలె గద. మూడు కొట్టకపోతె వచ్చినోళ్లు వాకిట్లనే నిలవడతరు."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు గానీ, ఆ మూడు మాత్రం ఎన్నడూ మానలేదు.

ఈ జట్టుకు వచ్చిన కష్టం ఒకటే. బావి పని మూడు షిఫ్టులు, పొద్దుటిది, మధ్యాహ్నానిది, రాత్రిది. నలుగురూ ఎప్పుడూ ఒక షిఫ్టులో ఉండేవాళ్లు కాదు. ముఖ్యంగా అన్నదమ్ములు. ఒకడు బావి నుంచి వస్తుంటే ఒకడు బావికి పోతూ ఎదురయ్యేవాడు. ఆదివారం ఒక పూట కలిసి వాయించడం తప్ప సాధన లేదు. కంపెనీ వార్షికోత్సవంలో ఆఫీసర్ల ముందు వాయిస్తే ముగ్గురు మూడు చోట్ల పాట ఆపారు. దోలక్ ఆయన ఒక్కడే ఇంకో చుట్టు తిప్పి, చుట్టూ చూసి, "బస్ ఝాలా?" అన్నాడు, అప్పుడే అయిపోయిందా అని. దొరసానులు పడీ పడీ నవ్వారు. అన్న తలొంచుకుని, అంత నవ్వులోనూ తన మూడు దెబ్బలు వేసి దిగాడు.

అలాంటి సమయంలో హైదరాబాదు రేడియో వాళ్లు జిల్లాల్లో కొత్త పాటగాళ్లను వినడానికి కరీంనగర్ వస్తున్నారని తెలిసింది. నేను ఉరుకుల మీద మేనేజరు దగ్గరికి పోయాను. ఆయనకు పాటలంటే పట్టదు. రేడియోలో కంపెనీ పేరు వినిపిస్తుందా అని మాత్రం అడిగాడు. వినిపిస్తుందన్నాను. అయితే ఎంపికైతే నలుగురినీ కింది పని నుంచి పైకి మార్చి కంపెనీ బ్యాండుగా పెట్టుకుందాం అన్నాడు. అంత మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పైకి అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. భూమి కింద పని చేసేవాడికి పై పని దొరకడమంటే ల్యాంపు రూములోనో, స్టోర్‌లోనో ఎండ చూస్తూ, పొద్దు చూస్తూ బతకడం. సైరన్ మోగినప్పుడు ఇంట్లో ఆడవాళ్లు గుండె పట్టుకోకుండా ఉండటం. అందుకోసం మనుషులు ఏళ్ల తరబడి దరఖాస్తులు పెట్టి, దొరల కాళ్లు పట్టుకుని, చివరికి కింద పనిలోనే ముసలివాళ్లయ్యేవాళ్లు. నేను ఆ కబురు వరండా మీద చెబితే భాయి మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. తర్వాత అన్న, "పైకొస్తె ఎండకే డప్పు కాపుకోవచ్చు సారూ, కుంపటి పని తప్పుతది" అన్నాడు. అతను సంతోషం చెప్పుకునే తీరు అది.

రేడియో వాళ్లు రావడానికి రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ నలుగురినీ పొద్దుటి షిఫ్టులోనే ఉంచితే సాయంత్రాలు సాధన చేసుకోవచ్చు. షిఫ్టు గుమస్తా దగ్గరికి పోయాను. ఆయన ఇక్కడి మనిషే, అంతకు ముందు తానూ బావిలో దిగినవాడే. విని, ముందున్న షిఫ్టు పుస్తకం మూసేశాడు.

"దోలక్ ఆయన్ను తెమ్మంటె తెస్త. భాయిని తెమ్మంటె తెస్త. గని గా అన్నదమ్ములను ఒక్క షిఫ్టుకు తెమ్మనకు సారూ."

"ఎందుకు?"

"ఒక్క కడుపున పుట్టినోళ్లు ఒక్క షిఫ్టుల దిగరు. గిది కంపెనీ రూలు గాదు, మా రూలు. ఒక్కడు కింద ఉంటె ఒక్కడు పైన ఉండాలె. ఏమన్న అయితె ఇంట్ల ఒక్కడన్న మిగలాలె గద. నేను గీ కుర్చీల కూసున్న కాడికెల్లి ఎన్నడు గట్ల రాయలే. వాళ్ల అవ్వ ఒప్పుకుంటె రాస్త, పో."

ఆ అవ్వ సంగతి మీకు చెప్పాలి. ఆమె బావి పైన, బొగ్గులో రాళ్లు ఏరే పని చేసేది. ఆమె పెనిమిటి ఇదే కంపెనీ ఇంకో బావిలో బండ మీద పడి పోయాడు. అప్పటి నుంచి ఇద్దరు కొడుకుల షిఫ్టులు ఆమే చూసుకునేది. గుమస్తా పొరపాటున కలిపితే ఆఫీసు ముందుకొచ్చి కొంగు నడుముకు చుట్టేది. ఆమెను ఒప్పించడం నా వల్ల కాదనుకుంటూనే పోయాను. గడప ముందు బియ్యం చెరుగుతోంది. చెప్పిందంతా చెరుగుతూనే విన్నది.

"ఎన్ని దినాలు?"

"రెండు నెలలు అవ్వా. రేడియో వాళ్లు తీసుకున్నరంటె ఇద్దర్ని పైకి తీస్తమని దొర మాటిచ్చిండు."

"ఇద్దర్నా?"

"ఇద్దర్ని."

చేట కింద పెట్టింది. "మా ఇంట్ల ఇద్దరు ఒక్కసారి కూసోని బువ్వ తినుడు నేను చూడలే సారూ, గీడికి వచ్చిన కాడికెల్లి. ఒకడు చెయ్యి కడుగుతుంటె ఒకడు కాళ్లు కడుగుతడు." చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నది. "రెండు నెలలు పానం గుప్పిట్ల వట్టుకుంట. అటెన్క ఇద్దర్ని కండ్ల ముందట ఉంచుకుంట. కానియ్. గని ఒక్క షిఫ్టయితె సరే, ఒక్క తావుల మాత్రం పెట్టకున్రి."

ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఇన్నేళ్లుగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఎవరికైనా ఆ లెక్క అలాగే వస్తుంది. ఆమె కోరినట్టే అన్నను బొగ్గు తీసే చివరి చోట, తమ్ముడిని బావి అడుగున, మనుషులను దింపి ఎక్కించే కేజీ దగ్గర, టబ్బుల పనిలో ఉంచారు.

ఆ రెండు నెలలు నా ఉద్యోగంలో నాకు దొరికిన సుఖమంతా. పొద్దుటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి, నలుగురూ క్లబ్బుకు వచ్చేవాళ్లు. అవ్వ సద్ది మూట తెచ్చి వరండా మెట్ల మీద ఇద్దరికీ పెట్టేది. వాళ్లు తింటుంటే ఎదురుగా కూర్చుని, కూర ఎవరి వైపు ఎక్కువ పోతోందో కాపలా కాసేది. భాయి వాయించడం కన్నా తిట్టడం ఎక్కువ చేసేవాడు. "అరే, ఉరుకకు తమ్మీ, గోదావరి దాటిపోతున్నవా?" అని తమ్ముడిని ఆపేవాడు. పాట కుదురుకుంది. ముగ్గురు మూడు చోట్ల ఆపే రోజులు పోయాయి. నలుగురూ ఒక్క ఊపిరిలో ఆపేవాళ్లు.

ఆ పైన ఆ మూడు దెబ్బలు.

"రేడియోల గట్ల నడువది" అన్నాను నేను. "పాట ఆగంగనే వాళ్లు మిషిను బందు చేస్తరు. అటెన్క నువ్వు కొట్టినవంటె ఏదో తప్పు జరిగిందనుకుంటరు."

అన్న వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తమ్ముడు, భాయి కూడా నా వైపే మాట్లాడారు. చివరికి, "సరే సారూ. మీ మాట" అన్నాడు. ఆ తర్వాత సాధనలో పాట ఆగగానే అతని చెయ్యి అలవాటు కొద్దీ లేచేది. లేచి, అక్కడే ఆగి, ఒళ్లోకి దిగేది. పాట అయిపోయాక వరండా మీద ఏదో తలుపు తీసి ఉన్నట్టుండేది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా చెవులప్పటికే కరీంనగర్‌లో ఉన్నాయి.

కరీంనగర్ పోవడానికి ఇంకా కొద్ది రోజులే ఉందనగా, వానాకాలం మధ్యలో, ఒకరోజు పొద్దున పని వేళలో సైరన్ మోగింది. వేళ కాని వేళ సైరన్ మోగితే కాలనీలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే ఉంటుంది. నేను వెళ్లేసరికి బావి గడ్డ మీద ఆడవాళ్లు నిండిపోయి ఉన్నారు. లోపల బండ పడిందనీ, చివరి చోట పని చేసేవాళ్లకు దారి మూసుకుపోయిందనీ చెప్పారు. కేజీలో మనుషులు పైకి వస్తున్నారు. అందరి మొహాలూ బొగ్గే. ప్రతి మొహాన్నీ ఎవరో ఒక ఆడమనిషి పట్టుకుని తిప్పి చూస్తోంది.

అవ్వ రాళ్లు ఏరే చోటి నుంచి అలాగే వచ్చేసింది. ప్రతి కేజీనీ చూసింది. కేజీలు అయిపోయాయి. నా వైపు తిరిగింది.

"ఇద్దరు సారూ. ఇద్దరు కిందనే ఉన్నరు."

 ఓదార్చడం నా ఉద్యోగం. జీతం తీసుకుని చేసే పని. ఆ రోజు ఆమె పక్కన నిలబడటం ఒక్కటే చేశాను.

భాయి ఆ పొద్దున పైన పంపు షెడ్డులో ఏదో బాగు చేస్తున్నాడు. బావి అడుగు నుంచి నీళ్లు తోడే పంపు పైపు ఆ షెడ్డు పక్కనే పైకొచ్చి కాలువలో పడుతుంది. ఎప్పుడూ హోరున పడే నీళ్లు ఆ రోజు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. బండ కింద కరెంటు తీగ నలిగి పంపు ఆగిపోయింది. పంపు ఉన్నది చివరి చోటే, బండకు అవతల. పంపు ఆగితే అక్కడ నీళ్లు నిండుతాయి. ఇదంతా భాయికి ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుసు. పొడుగాటి పానా ఒకటి తెచ్చి, ఒక కొస పైపుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. పంపు ఫిట్టర్లు లోపలి చప్పుడు అలాగే వింటారు. కాసేపటికి నన్ను చెయ్యి ఊపి పిలిచాడు.

"ఎవరో కొడుతుండ్రు సాబ్. పైపు మీద కొడుతుండ్రు." మళ్లీ విన్నాడు. అతని మొహం మారిపోయింది. "మన పాట సాబ్ ఇది."

నేనూ విన్నాను. ఎక్కడో చాలా దూరం నుంచి, ఇనుములో నుంచి, నాట్ల పాట నడక. సుత్తితోనో, రాయితోనో కొడుతున్నాడు. అవ్వ నా చేతిలో నుంచి పానా లాక్కుని చెవికి పెట్టుకుంది.

"పెద్దోడు" అన్నది. "గది పెద్దోని చెయ్యి. బతికున్నడు. నా బిడ్డ బతికున్నడు." ఆ వెంటనే, "మరి చిన్నోడేడి?" అని అడిగింది.

చిన్నవాడు బండకు ఇవతలే ఉన్నాడు. కేజీ దగ్గర పని చేసేవాడు అందరితో పాటు పైకి రావలసింది పోయి, వెనక్కి ఉరికి బండలు తీసేవాళ్లలో కలిశాడు. కప్పు ఇంకా కదులుతోందని, లోపలి పని చూసే ఓవర్‌మన్ బలవంతంగా పైకి పంపితే మధ్యాహ్నానికి వచ్చాడు. వేళ్ల చివర్లు పగిలి నెత్తురు. అవ్వ కొంగుతో అతని మొహం మీది బొగ్గు తుడిచి, చూసి, "నువ్వా" అన్నది. ఆ ఒక్క మాటలో ఏముందో నేను రాయలేను. ఒకడు దొరికినందుకు ఏడవాలో, దొరికింది ఒక్కడే అయినందుకు ఏడవాలో ఆమెకే తెలియలేదు. చేయి పట్టుకుని అతన్ని పైపు దగ్గరికి తీసుకుపోయింది.

తమ్ముడు సుత్తి తీసుకుని పైపు మీద కొట్టాడు. క్లారినెట్ ఎత్తుకునే వరుస. కింది దెబ్బలు ఆగాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత కింది నుంచి డప్పు వచ్చి కలిసింది. తమ్ముడు కొడతాడు, అన్న అందుకుంటాడు. పొద్దున కేజీలో పైకొచ్చిన దోలక్ ఆయన నేల మీద కూర్చుని, అరచేతులతో నడక పట్టాడు. భాయి పానా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండు నెలల సాధన ఆ పైపు మీద ఒక్క తప్పు లేకుండా నడిచింది. బావి గడ్డ మీద ఆడవాళ్లు ఏడవడం ఆపి చూశారు. నేను కూడా ఆశపడ్డాను. ఇంత సరిగ్గా వాయించేవాడు ఎలా పోతాడు అని పిచ్చి ఆశ.

లోపల బండలు తీసేవాళ్లు చేయగలిగిందంతా చేశారు. కొత్త తీగ దింపారు, అడ్డం తిరిగి ఇంకో దారి తవ్వారు. నీళ్లు వాళ్ల కన్నా ముందు పోయాయి. మధ్యాహ్నం గడిచేకొద్దీ దెబ్బల మధ్య దూరం పెరిగింది. తమ్ముడు మళ్లీ పాట ఎత్తుకున్నాడు. అన్న అందుకున్నాడు. నడుములు వంగాయి, లేచాయి, మళ్లీ వంగాయి. పాట సగంలో దెబ్బ ఆగింది.

తమ్ముడు ఇంకా కొడుతూనే ఉన్నాడు. భాయి అతని చెయ్యి పట్టుకున్నాడు.

అవ్వ పానాను చెవి నుంచి తీయలేదు. ఎవరో దగ్గరికి పోయి, ఇక లేవమన్నారు. ఆమె వాళ్లను విదిలించింది.

"అయిపోలే" అన్నది. "మూడు కొట్టలే వాడు. మూడు కొడితెనే అయిపోయినట్టు."

ఎప్పుడు లేపారో, ఎవరు లేపారో నాకు గుర్తు లేదు. అతన్నీ, అతనితో పాటు అక్కడ చిక్కుకున్న ఇద్దరినీ నీళ్లు తోడాక తీశారు. కట్టెలు చూడటం నా ఉద్యోగం. చూశాను. ఆ లైనులో ఎవరు పోయినా డప్పు వాయించింది అతనే. అతనికి వాయించేవాళ్లు లేరు. తమ్ముడు డప్పు కుంపటి దగ్గరికి తీసుకుపోయి, కాపలేక, తిరిగి గోడకు తగిలించాడు. చప్పుడు లేకుండానే తీసుకుపోయాం.

నేను కరీంనగర్ పోయాను. ఎందుకు పోయానని నన్నడగకండి. రానివాళ్ల కోసం రేడియో వాళ్లు ఎదురు చూస్తారన్న మర్యాద కావచ్చు, ఇంట్లో కూర్చోలేకపోవడం కావచ్చు. పెద్దపల్లి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఎంపిక చేసే ఆయన మంచివాడు. సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మిగతా ముగ్గురూ ఉన్నారు కదా, వచ్చే ఏడు మళ్లీ తీసుకురండి" అన్నాడు. తీసుకొస్తానని తలూపాను. ఆ రోజు ఎవరెవరో పాడారు. బాగా పాడారు. ఎవరి పాటా నా చెవి దాటి లోపలికి పోలేదు.

తమ్ముడికి పై పని ఇచ్చారు. అన్న పోయినందుకు ఇచ్చారు, పాటకు కాదు. ల్యాంపు రూములో కిందికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే పని. దీపం ఇచ్చేటప్పుడు ప్రతివాడి మొహం చూసి ఇచ్చేవాడు. క్లారినెట్ మళ్లీ ముట్టలేదు. భాయి బదిలీ పెట్టుకుని వరంగల్ పోయాడు. దోలక్ ఆయన చాందా పోయి, తిరిగి రాలేదు. నలుగురికీ కలిపి ఒక పేరన్నా లేదు గనక, ఫలానా జట్టు పోయిందని చెప్పుకోవడానికి కూడా ఎవరికీ మాట దొరకలేదు. ఆ ఏడాదే క్లబ్బుకు కొత్త గ్రామఫోను, మైకు కొన్నారు. ఆదివారాలు రికార్డులు పెట్టమన్నారు. పెట్టాను. వరండా మీదికి మళ్లీ ఎవరినీ పిలవలేదు. ఎందుకు పిలవవని కూడా ఎవరూ అడగలేదు. నేనింత కాలం వెంటపడింది ఎవరికీ అక్కర్లేని పని అని అప్పుడు తెలిసింది.

షిఫ్టు గుమస్తా నన్ను ఏమీ అనలేదు. కాలనీ ఏమీ అనలేదు. అవ్వ అసలే అనలేదు. కొన్నాళ్లకు నల్లా దగ్గర కనిపిస్తే నేనే తప్పుకుని పోబోయాను. ఆమె బిందె దించి పిలిచింది.

"సారూ, గా రెండు నెలలు ఇద్దరు ఒక్క తాన కూసోని తిన్నరు గద. నేను చూసిన. నువ్వు గిట్ల మొకం దాసుకోని తిరుగకు."

తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది. ఆమె అట్లా అన్నాక నేను ఆ నల్లా వైపు నడవడమే మానేశాను.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలదు. ఆ రోజు అతని చేతిలో బలం లేక ఆ మూడు దెబ్బలు పడలేదా? లేక, కొట్టొద్దని నేను చెప్పిన మాట అక్కడ కూడా గుర్తు పెట్టుకున్నాడా? పాట సగంలో ఆగింది కదా, మూడింటి దాకా రానే లేదు కదా అని నాకు నేనే చెప్పుకుంటాను. పగలు ఆ జవాబు సరిపోతుంది.

మీ మొదటి ప్రోగ్రాముకు ముందు వరుసలో కుర్చీ వేస్తామన్నారు. వస్తాను. పాట అయిపోయాక అందరూ లేచినా నేను లేవను. ఏ పాట ఆగినా నేను వెంటనే లేవలేను, ఇన్నేళ్లుగా అంతే. మా ఇంట్లో వాళ్లు మోకాళ్ల నొప్పులనుకుంటారు. మీరూ అలాగే అనుకోండి. చెయ్యి పట్టి లేపకండి. కాసేపు కూర్చోనివ్వండి.